నా బదులు అరిచిన మా తోడికోడలు

అక్క పోయిందన్న ఫోన్ ముందు నాకు రాలేదు. మా అమ్మాయికి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం, వంటింట్లో దోసెల పిండి రుబ్బుకుంటున్నాను. హర్షిత మెట్ల మీద వచ్చి నిలబడింది. చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. "అమ్మా, పెద్దమ్మ... పెదనాన్న ఏడుస్తున్నారు" అంది. గ్రైండర్ మీట ఎక్కడుందో నాకు కాసేపు కనబడలేదు. అన్నం తిని కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

పరిగెత్తుకుంటూ వాళ్ళింటికి వెళ్తున్నాను, కళ్ళనిండా నీళ్ళున్నాయి, అయినా ఒకటే ప్రశ్న తొలుస్తోంది. బావగారు నాకు చెయ్యకుండా దానికెందుకు చేశారు?

ఇది చదివే మీకు ముందే చెప్తున్నాను. ఆమె మీద నాకు అసూయ ఉండేది. ఇప్పుడూ ఉంది. దాన్ని పక్కన పెట్టి ఆమె గురించి రాయాలంటే నాకు చేతకాదు. అందుకని దానితోనే రాస్తున్నాను.

ఆమె మావారి అన్నగారి భార్య. నాకు తోడికోడలు, పిలవడం మాత్రం అక్కా అని. ఈ దేశానికి నాకన్నా చాలా ముందు వచ్చింది. ఆమెకి గ్రీన్ కార్డ్ త్వరగా వచ్చింది, ఆ తర్వాత ఇక్కడి పౌరసత్వం, నీలం పాస్‌పోర్ట్ వచ్చాయి. నేను వచ్చేసరికి ఆ క్యూ కొండవీటి చాంతాడంత అయింది. నాది ఇంకా హెచ్ వన్ బీయే, ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఉండనిచ్చే వీసా. ఎక్స్‌టెన్షన్ పేపర్లు పంపడం, ఊపిరి బిగబట్టి కూర్చోవడం. వాషింగ్టన్ శివార్లలో, హెర్న్‌డన్‌లో మావి ఒకే వీధిలో ఇళ్ళు.

తోడికోడళ్ళన్నాక పోలిక తప్పదు. అత్తయ్య గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "పెద్దమ్మాయి ఎలా ఉంది?" అని నన్నే అడిగేది. నేనెలా ఉన్నానో ఆమెని అడిగేదో లేదో నాకు తెలియదు.

అక్క నీళ్ళు తాగితే ఎవరింట్లోనైనా గ్లాసు పైకెత్తి గొంతులో పోసుకునేది. జోక్ మొదలుపెట్టి తనే ముందు నవ్వేసేది. చివరిదాకా చెప్పిన జోక్ ఒక్కటీ నాకు గుర్తు లేదు, అయినా అందరూ నవ్వేవాళ్ళు. చిన్నా పెద్దా లేకుండా అందర్నీ నాన్నా అని పిలిచేది. చెత్తబండి అతన్నీ, పళ్ళ డాక్టర్నీ కూడా. వాళ్ళకి అర్థం తెలియకపోయినా మొహాలు విప్పారేవి. నేనూ ఒకసారి ఎదురింటి పిల్లాణ్ణి అలా పిలిచి చూశాను. వాడు ఇంకెవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

ఆ ఎదురిల్లు రోసాది. ఎల్ సాల్వడార్ దేశం నుంచి వచ్చినవాళ్ళు. ఆమె ఇంట్లోనే పసిపిల్లల్ని చూసుకుంటుంది. నేను ఆఫీస్‌కి వెళ్ళినన్నాళ్ళూ హర్షిత ఆమె ఒళ్ళోనే పెరిగింది. ఆమె భర్త ఆస్కార్ ఇళ్ళకు పైకప్పులు వేస్తాడు. రోసా ముందు నా స్నేహితురాలు. ఈ మాట రాసుకోవడం నాకు అవసరం.

పోయిన ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక పొద్దున వీధి చివర గ్యాస్ స్టేషన్ దగ్గర, ముసుగులు వేసుకున్న ఇమ్మిగ్రేషన్ మనుషులు ఆస్కార్‌ని ఆపి వ్యాన్‌లో ఎక్కించుకుని పోయారు. నేను ఇంట్లోనే ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. రోసా చెప్పుల్లేకుండా వీధిలో పరిగెత్తడం కిటికీలోంచి కనబడింది. కెమెరా ఆఫ్ చేసి లేచేలోగా అక్క ఆమె వెనకాలే పరిగెత్తుతోంది.

వాళ్ళు చేరేసరికి అక్కడ ఆస్కార్ ట్రక్ ఒక్కటే ఉంది, పైన నిచ్చెనతో, తలుపు బార్లా తెరిచి. చిన్న కారు తప్ప ఏదీ నడపని మనిషి ఆ ట్రక్ ఎక్కింది. సీటు అంచున కూర్చుని, స్టీరింగ్ మీదికి వంగి, నడక కన్నా నెమ్మదిగా ఇంటికి తెచ్చింది. నా కిటికీ ముందు నుంచే వెళ్ళారు. పక్క సీట్లో రోసా అక్క చున్నీ కొసను గుప్పిట్లో పట్టుకుని కూర్చుని ఉంది. ఆ చున్నీ నాది ఎందుకు కాలేదా అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ తర్వాత అక్క ఆగలేదు. ఆస్కార్‌ని ఉంచిన డిటెన్షన్ సెంటర్‌కి గంటల తరబడి డ్రైవ్ చేసి రోసాని తీసుకెళ్ళేది. శుక్రవారం సాయంత్రాలు పెద్ద రోడ్డు మూల మీద, ఈ అరెస్టులు ఆపమని రాసిన అట్టముక్కలు పట్టుకుని నిలబడే గుంపులో చేరింది. స్పానిష్ ముక్కలు కొన్ని నేర్చుకుని, వాటికి మన చివర్లు తగిలించి మాట్లాడేది. "వామోస్ నాన్నా, వామోస్" అంటూ రోసా పిల్లల్ని బడికి తరిమేది.

మనవాళ్ళలో ఇది కొందరికి నచ్చలేదు. బావగారికి మరీ. ఒక శనివారం వాళ్ళింట్లోనే పది కుటుంబాలు భోజనాలకు చేరినప్పుడు మాట పెరిగింది.

"మనం లైన్‌లో నిలబడి వచ్చాం. వాళ్ళు దొంగదారిన వచ్చారు. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు బావగారు. చాలామంది తలలూపారు.

అక్క వడ్డించే గరిటె ఆపలేదు. "లైన్‌లో నిలబడటం కష్టమని మనకి తెలుసండీ. అసలు లైనే లేనివాళ్ళ సంగతి మనకేం తెలుసు?" అంది.

ఎవరో పెరుగు అడిగి మాట మార్చారు. నేను మాత్రం కంచంలోకి చూస్తూ ఉండిపోయాను. ఆ గదిలో ఇంకా లైన్‌లో ఉన్నదాన్ని నేను. ఆ మాట అనే హక్కు నాది. ఎన్నాళ్ళుగానో నా నోటి దాకా వచ్చి ఆగిన మాట అది. లైన్ దాటి ఎప్పుడో వెళ్ళిపోయిన మనిషి దాన్ని గరిటె తిప్పుతూ అనేసింది.

నన్ను ఆ మూలకు రానివ్వలేదు అక్క. "నువ్వొద్దు సునీతా. నీ పేపర్లు తేలలేదు. ఎవడైనా ఫోటో తీస్తే తలనొప్పి. నువ్వు పులిహోర చేసిపెట్టు, చాలు" అంది. ప్రతి శుక్రవారం చేసిచ్చాను. చింతపండు గుజ్జు ఉడికించి, ఇంగువ ఘాటుగా వేసి. అది తిన్నవాళ్ళందరూ అక్క పులిహోర అని మెచ్చుకునేవారట. మా కో-సిస్టర్ చేసిందని ఆమె చెప్పేదట పాపం. కో-సిస్టర్ అంటే వాళ్ళకేం అర్థమవుతుంది? చర్చిలో ఉండే సిస్టర్ అనుకున్నారట ఒకాయన. అక్క ఇంటికొచ్చి అది చెప్తూ సగంలోనే నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

వాషింగ్టన్‌లో పెద్ద ఊరేగింపు జరిగిన రోజు హర్షిత వెళ్తానంది. నేను వద్దన్నాను. "నేను ఇక్కడే పుట్టిన సిటిజన్‌ని అమ్మా. నీకు భయం, నాకు కాదు" అంది, పదహారేళ్ళ పిల్ల. మా మాటల మధ్యలో అక్క గుమ్మంలోకి వచ్చింది. "నా చెయ్యి వదలదు. నేను పూచీ" అంది. ఇద్దరూ మెట్రో ఎక్కి వెళ్ళారు.

సాయంత్రం హర్షిత గొంతు బొంగురుపోయి వచ్చింది. ఒకటే కబుర్లు. గుంపు ఒత్తిడికి ముందున్నవాళ్ళు తూలితే పోలీసాయన కర్ర అడ్డం పెట్టాడట. "ఆగు నాన్నా, పిల్లలున్నారిక్కడ" అని పెద్దమ్మ తెలుగులోనే అందట. ఆయన కర్ర దించాడట. "షీ వాజ్ సో కూల్ అమ్మా!"

నా కూతురు జీవితంలో మొదటిసారి వీధిలో గొంతెత్తి అరిచింది. పక్కన నేను లేను. నేను కని పెంచిన పిల్ల చెయ్యి ఆ రోజంతా ఆమె చేతిలో ఉంది. అన్నం పెట్టాను, వేడినీళ్ళు ఇచ్చాను, అంతా విన్నాను. ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

అది చాలదన్నట్టు ఆ ఊరేగింపులో అక్క ఏదో టీవీ వార్తల్లో కనిపించింది. హర్షిత ఆ వీడియో ముక్క గుంటూరు పంపింది. ఇప్పుడైనా అత్తయ్య చీవాట్లు పెడుతుందనుకున్నాను. "చూశావా మీ అక్కని! వీధిలో అందరికీ చూపించాను. చీర కట్టుకుని వెళ్ళుంటే ఇంకా బాగుండేది" అంది.

ఇంక ఆపుకోలేకపోయాను. మర్నాడు అక్క వంటింట్లో నిలబడి గిన్నెలోనే పెరుగన్నం కలుపుకుని తింటుంటే అడిగేశాను. "నీకేం అక్కా, చేతిలో పాస్‌పోర్ట్ ఉంది. ధైర్యం ఎవరికైనా వస్తుంది. నాలా ఉండి చూడు ఒక్కరోజు."

ఆమె నమలడం ఆపింది. కోపం రాలేదు. వచ్చినా నాకు బాగుండేది.

"నిజమే. నాకుంది కాబట్టే వెళ్తున్నా. నీకు లేదు కాబట్టి నీ బదులు కూడా అరుస్తున్నాలే" అంది.

"నా బదులు అరవమని నేనడిగానా?"

"అడగలేదు. అలవాటైపోయింది" అని, నా నోట్లో ఒక ముద్ద పెట్టబోయింది. మొహం తిప్పుకున్నాను. ఆ ముద్ద తనే తినేసి, ఆవకాయ కొంచెం ఉప్పెక్కువైందని చెప్పింది.

చలికాలం వచ్చాక జడ్జి ఆస్కార్‌ని ఇంటికి పంపాడు. కేసు మాత్రం ముగియలేదు. కొన్ని వారాలకోసారి ఇమ్మిగ్రేషన్ ఆఫీస్‌కి వెళ్ళి కనబడి రావాలి. అలా కనబడటానికి వెళ్ళినవాళ్ళని అక్కడే పట్టుకుని ఉంచేసిన సందర్భాలు అందరికీ తెలుసు. ప్రతిసారీ అక్కే వాళ్ళని తీసుకెళ్ళి, వాళ్ళు బయటికి వచ్చేదాకా ఉండేది.

అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోమ్ నిండిపోయింది. శుక్రవారం మూలవాళ్ళందరూ వచ్చారు. ఒక్కొక్కరూ హర్షితను వాటేసుకుని ఏదో చెప్పి వెళ్తున్నారు. బావగారు ఆ మనుషులందర్నీ మొదటిసారి చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. ఒక ముసలాయన ఆయన చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. బావగారూ లాక్కోలేదు. రోసా ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఇంటికొచ్చాక హర్షిత నా గదిలోకి వచ్చింది.

"మంగళవారం రోసా వాళ్ళని ఇమ్మిగ్రేషన్ ఆఫీస్‌కి పెద్దమ్మ తీసుకెళ్ళాల్సింది. నాకింకా లైసెన్స్ రాలేదు. నువ్వు చెయ్యలేకపోతే ఇట్స్ ఓకే అమ్మా. పెద్దమ్మ కూడా నిన్ను అడగలేదు కదా."

చెంపదెబ్బలా తగిలింది. మావారు పక్కనే ఉన్నారు. "మైలలో ఉన్నాం. పైగా నీ ఎక్స్‌టెన్షన్ పెండింగ్. అక్కడికెందుకు ఇప్పుడు?" అన్నారు.

"కార్ డ్రైవ్ చెయ్యడానికి వీసా అక్కర్లేదు" అన్నాను. అన్నాక నాకే బాగనిపించింది. అది అక్క అన్న మాట కాదు.

మంగళవారం ఆస్కార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. రోసా నా పక్కన. హైవే ఎక్కాక రోసా తన ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది, అక్క దారంతా పాడుతూ ఉండేదని.

"నాకు పాడటం రాదు" అన్నాను.

"ఆవిడకీ రాదు" అంది రోసా. వెనక నుంచి ఆస్కార్ నవ్వాడు. నేనూ నవ్వాను. అక్క గురించి నాకు తెలియని సంగతి ఇంకొకటి వీళ్ళ దగ్గర ఉంది కదా అని, ఆ నవ్వులోనే, మళ్ళీ ఒకసారి కలుక్కుమంది.

వాళ్ళు లోపలికి వెళ్ళారు. నేను పార్కింగ్ లాట్‌లో కూర్చున్నాను. బిల్డింగ్ ముందు మరికొన్ని కార్లలో మరికొందరు ఇలాగే కూర్చుని ఉన్నారు. అందరి చూపూ ఒకే తలుపు మీద. ఒక ఆడమనిషి ఒంటరిగా బయటికి వచ్చి, మెట్ల మీద కూలబడి ఫోన్ చేసుకుంటోంది. పక్క కారులో ఒకాయన తల దించుకున్నాడు. ఇలాంటి మధ్యాహ్నాలు అక్క ఎన్ని గడిపిందో. ఇంటికొచ్చి ఒక్కసారీ చెప్పలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. రోసా ఒక్కతే వచ్చింది. ఆమె తలుపును కాలితో ఆపి పట్టుకుంది. వెనకనుంచి ఆస్కార్ వచ్చాడు, చెకింగ్‌లో తీసిన బెల్టును నడుముకు తిరిగి ఎక్కించుకుంటూ. ఇద్దరూ ఎండలో నిలబడ్డారు.

రోసా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని కార్లన్నిటినీ చూడటం మొదలుపెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకు. నా కార్ మీదుగా ఆమె చూపు వెళ్ళిపోయింది. ఆమె వెతుకుతున్నది నన్ను కాదు, అక్క చిన్న కారుని. ఎవరు రారో తెలిసి కూడా, అలవాటు కొద్దీ కళ్ళు వెతుకుతున్నాయి.

హారన్ కొట్టవచ్చు. కిటికీ దించి పిలవవచ్చు. చెయ్యి హారన్ దాకా వెళ్ళింది కూడా. మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె ఇంకాసేపు వెతుకుతూ ఉంది. నేను ఆమెను వెతకనిచ్చాను.