స్టూలు నాలుగో కాలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు (ఇప్పుడు రోజుకొకటి బయటపడుతోంది). గణితంలో పీజీ చేసి, ములకలపల్లి అవతల అడవి అంచు బడిలో తాత్కాలిక టీచరుగా చేరిన కొత్త. లోకంలో మిగతావన్నీ ఇలా కాకపోతే ఇంకోలా ఉండొచ్చు, గణిత సత్యాలు మాత్రం ఎక్కడైనా అలాగే ఉండి తీరాలి, కాబట్టి దేనికైనా అసలు కారణం అక్కడే దొరుకుతుందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి మొదట బలైంది మధ్యాహ్న భోజనం వండే అక్క. ఎగుడుదిగుడు నేల మీద ఆమె మూడు రాళ్ల పొయ్యిపై గిన్నె కదలకుండా కూర్చోవడం చూసి, ఏ మూడు బిందువులైనా ఒకే తలంలో ఉండక తప్పదని, అందుకే మూడు రాళ్లని అరగంట బోధించాను. అక్క ఓపికగా విని, "అవ్ టీచరమ్మా, నాలుగో రాయి పెడితే కట్టెలు యాడికెల్లి పెట్టాలె?" అంది. పాపం, అసలు కారణం ఆమెకు తెలియదనుకున్నాను.

ఇంతలో తనిఖీ వచ్చిపడింది. నన్ను ఉంచాలో పంపాలో తేల్చేది ఆ తనిఖీకొచ్చే అధికారే. పంపేస్తే తల్లాడ వెళ్లి పెదనాన్న ఎరువుల షాపులో కూర్చోవాలి. బళ్లో అతిథుల కోసం ఉన్న ఒకే ఒక స్టూలేమో గచ్చు మీద టకటకా ఊగుతుంది. కాలి కింద అట్టముక్క పెట్టమంది అక్క. అట్టముక్కా! నేను రంపం తెచ్చి నాలుగు కాళ్లలో ఒకటి మొదలంటా కోసేశాను. ఊగడం ఆగిపోయింది. కూర్చుని కూడా చూశాను (ఓ పక్కకి ఒరిగి కూర్చోవడం నాకు చిన్నప్పటి అలవాటు, అది లెక్కలోకి రాలేదు).

అధికారి వచ్చి కూర్చుని, హాజరు పట్టీ అందుకోబోయి లేని కాలి వైపు వంగారు. మరుక్షణం ఆయన నేల మీద, స్టూలు ఆయన మీద. కాలు కోసిందెవరని అడిగారు. నేనేనని ఒప్పుకుని, మూడు బిందువుల సంగతి చెప్పాను. ఆయన దుమ్ము దులుపుకుంటూ, "అయితే నేనెందుకు పడ్డనమ్మా?" అన్నారు. గుమ్మంలో నిలబడ్డ అక్క అందుకుంది.

"టీచరమ్మ చెప్పింది నిజమే సారూ. స్టూలు ఊగదు. కూసున్నోళ్లు పడరని ఆమె ఎన్నడు చెప్పలే."

ఆయన నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నారు. కాలు మళ్లీ నేనే అతికించాలన్న షరతు మీద ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు వైరాలో పాఠాలు చెబుతున్నాను. మూడు బిందువులు ఇప్పటికీ ఒకే తలంలో ఉన్నాయి, గిన్నె ఊగకపోవడానికి కారణం అదేనని ఇవాళ్టికీ అంటాను. ఎవరు ఎటు వంగుతారో మాత్రం వాటిని అడగను. ఆ రోజు అక్కకు ఒక మంచి మాటైనా చెప్పలేదని తలచుకుంటే సిగ్గేస్తుంది. రంపం పట్టుకుని లోకాన్ని సరిచేయబోయిన ఆ పిల్ల నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది గానీ, నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ మడతపెట్టిన అట్టముక్క ఒకటి ఉంటుంది.