అత్తయ్య చెప్పిన అంతరిక్షం

మొన్న ఆఫీసులో భోజనాల వేళ మా సెక్షన్ అమ్మాయిలిద్దరు ఏదో అంతరిక్షం సీరియల్ గురించి మాట్లాడుకుంటున్నారు. మొదటి రెండు సీజన్లూ సెలవు పెట్టి మరీ చూశారట. మూడోది సగంలో ఆపేశారట. ఎందుకాపేశారని అడిగితే, "ఏమో మేడమ్, బోరు కొట్టేసింది" అంది ఒకమ్మాయి పెరుగు డబ్బా మూత తీస్తూ. అంతే. అంత పెద్ద నౌకా, అందులో జనం, వాళ్లు చేరాల్సిన చోటూ అన్నీ ఆ ఒక్క మాటతో సరి. నాకు చెప్పలేనంత చిరాకొచ్చింది. ఆ పిల్ల మీద కాదు. బోరు కొట్టించినవాళ్ల మీద. ఆ చిరాకు నాకు కొత్తదేం కాదు. పాతికేళ్లు దాటింది, ఇప్పటికీ ఎవరైనా కదిపితే లేచి కూర్చుంటుంది.

తొంభైల మధ్యలో ఇంటర్మీడియట్ చదువుకని మా నాన్న నన్ను పాలకొల్లులో మా మేనత్త ఇంట్లో దింపి వెళ్లారు. అత్తయ్య ఆడపిల్లల హైస్కూల్లో హిందీ పండిట్. మా వైపు హిందీ పిరియడ్ అంటే లెక్కల హోంవర్కు చేసుకునే పిరియడ్. పాసవడానికి కావలసిన మార్కులూ తక్కువే, చదవాలన్న భయమూ తక్కువే. అత్తయ్య కబీరు దోహా బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి ముందు బెంచీలో జామెట్రీ బాక్సులు తెరిచి ఉండేవట. "నా సర్వీసంతా గోడలకే పాఠం చెప్పానే" అనేది నవ్వుతూ. మావయ్యకి కాలవల డిపార్టుమెంటులో గుమాస్తా ఉద్యోగం. మంచి మనిషే గానీ, పేపరు చదువుతున్నప్పుడు ఆయనతో ఎవరేం మాట్లాడినా "ఊఁ" అనే శబ్దం తప్ప మరోటి వచ్చేది కాదు. ఆయన పేపరు చదవని సమయం నేను పెద్దగా చూడలేదు. అలా ఇంట్లోనూ బళ్లోనూ అత్తయ్య మాటని చెవిన పెట్టేవాళ్లు లేరు. సీరియల్ వచ్చేదాకా.

అది ఢిల్లీ నుంచి ఆదివారం పొద్దున్న వచ్చే హిందీ సీరియల్. భూమి మీద బతకడం కష్టమై నలభై కుటుంబాలు ఒక నౌకలో మరో నేల వెతుక్కుంటూ బయల్దేరతాయి. వారానికో చిక్కు, దాన్ని ఎవరో ఒకరు బుర్ర పెట్టి విప్పుకోవడం, అదే కథ. నౌక అట్టముక్కలతో చేసిందని మాకు తెలుస్తూనే ఉండేది, కెప్టెన్ తలుపు గట్టిగా వేస్తే గోడ ఊగేది. అయినా చూసేవాళ్లం. కలర్ టీవీ మా వీధిలో మావయ్యదొక్కటే కాబట్టి ఎనిమిదిన్నరయ్యేసరికి స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చునేవారు జనం. హాల్లో చాపలు, చాపల మీద పట్టనివాళ్లు గుమ్మంలో. కొబ్బరినూనె, అగరొత్తి, ఎవరి చేతి సంచీలోంచో కొత్తిమీర, అన్నీ కలిసిన ఆ గది వాసన నాకిప్పటికీ గుర్తే. ఎవరికీ హిందీ ముక్క రాదు. టీవీ పక్కన చిన్న స్టూలు వేసుకుని అత్తయ్య కూర్చునేది, కెప్టెన్ ఒక వాక్యం అనగానే తెలుగులో చెప్పేది. మొదట్లో మాటకి మాట. తర్వాత గొంతులు కూడా మార్చడం మొదలుపెట్టింది. డాక్టరు మాట్లాడితే డాక్టరులా, చిన్నపిల్ల మాట్లాడితే చిన్నపిల్లలా. ముప్ఫైమంది ఊపిరి బిగబట్టి ఆవిడ నోటివంక చూసేవారు. కాసేపటికి టీవీని ఎవరూ చూడటం లేదని నాకే అనుమానం వచ్చేది.

వాళ్లలో ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకాయన ఎదురింటి లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. రెండో ఆయన వీధి చివర టైలరు. ఒక వారం నౌకలో నీళ్లు అయిపోతే, మొక్కల ఆకులకి కవర్లు కట్టి, అవి వదిలిన తేమనే పట్టుకుని బతికారు. అది చూసి టైలరు గారు లేచి నిలబడి, "ఆకులికి చెమట పడుతుందంటే నమ్మమంటారా టీచరు గారండీ?" అన్నారు. దానికి జవాబు మాస్టారు చేసి చూపించారు. ఆ వారమే తన పెరట్లో జామకొమ్మకి పాలిథిన్ కవరు తొడిగి దారంతో కట్టారు. మరుసటి ఆదివారం ఆ కవరులో అడుగున నిలిచిన నాలుగు చెంచాల నీళ్లు పట్టుకుని వచ్చారు. అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. టైలరు గారు వేలు ముంచి నాలిక మీద రాసుకుని, "నీళ్లేనండోయ్" అని ప్రకటించారు. అంతకంటే గొప్ప సైన్సు క్లాసు నేను కాలేజీలో వినలేదు.

ఏడాది తిరిగింది. సీరియల్‌కి పేరొచ్చింది. పేరు రాగానే దానికి ఏమొచ్చిందో ఏమిటో! కెప్టెన్‌కి కవల తమ్ముడొకడు ఊడిపడ్డాడు, భూమి నుంచి బయల్దేరి ఏడాదైన నౌకలోకి ఎలా వచ్చాడో ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మా, మొక్కల సైంటిస్టూ కెప్టెన్ కోసం సవతుల్లా పోట్లాడుకోవడం మొదలెట్టారు. ఒక వారం చచ్చినవాడు రెండు వారాలకి లేచొచ్చాడు. అన్నిటికన్నా అన్యాయం, ఒక మెరిసే రాయి వచ్చింది. ఏ ఆపదైనా కెప్టెన్ ఆ రాయి పైకెత్తితే తీరిపోయేది. ఇంక బుర్రతో ఎవరికి పని? అరగంటలో పది నిమిషాలు పోయిన వారం జరిగిందే చూపించేవారు, మరో పది నిమిషాలు సబ్బులూ టూత్‌పేస్టులూ. క్రికెట్టుంటే అదీ లేదు. మాస్టారు రాయి వచ్చిన రోజు చాలాసేపు గడ్డం గోక్కుని అన్నారు: "లెక్క తప్పు చేసినవాణ్ణి క్షమించచ్చమ్మా. వీళ్లు లెక్క చెయ్యడమే మానేశారు. జవాబు మాత్రం రాసేస్తున్నారు."

చాపలు పల్చబడ్డాయి. వచ్చేవారం వస్తామన్నవాళ్లు వచ్చేవారం సంతకెళ్లేవారు. ముప్ఫైమంది పన్నెండుమందయ్యారు. అత్తయ్య ఏమీ అనేది కాదు గానీ, తొమ్మిదికి ముందు రెండుసార్లు గుమ్మందాకా వెళ్లి వచ్చేది. మావయ్య వరండాలోంచి "మీ రాకెట్టు దిగిందా? ఇడ్లీ పెడతావా?" అని అరిస్తే మునుపు నవ్వేది, ఇప్పుడు నవ్వడం మానేసింది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం తెర మీద కెప్టెన్ గుండె మీద చెయ్యి వేసుకుని "మా కీ కసమ్" అన్నాడు. అమ్మతోడని నాకూ తెలుసు. అత్తయ్య మాత్రం తొణక్కుండా, "ఇంధనం పదకొండు రోజులకే ఉంది, అందరికీ చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను అంటున్నాడు" అంది. నేను తలెత్తి చూశాను. ఆవిడ నా వైపు తిరగలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. తెర మీద డాక్టరమ్మ ఏడుస్తోంది. "తనకి తెలుసట, చెప్పొద్దని బతిమాలుతోంది" అంది అత్తయ్య. చాపల మీద పన్నెండుమందీ ముందుకి జరిగారు.

అందరూ వెళ్లాక వంటింట్లో నిలదీశాను. అత్తయ్య చట్నీ గిన్నె కడుగుతూనే ఉంది. "వాడు మెరుపు రాయి గురించి మాట్లాడుతున్నాడే. అది నా నోటితో ఎలా చెప్పను? పొద్దున్నే పనులు మానుకుని వచ్చి కూర్చున్నారు కదా ఆ పన్నెండుమందీ" అంది. గిన్నె బోర్లించి, "మీ ఫిజిక్స్‌లో కొత్త పాఠం ఏం చెప్పారో చెప్పు" అంది. అలా నేనూ భాగస్తురాలినయ్యాను. శనివారం సాయంత్రాలు పుస్తకం ఒళ్లో పెట్టుకుని లోలకం గురించి, కాంతి వేగం గురించి చెప్పేదాన్ని. నేను పరీక్షకి బట్టీ పట్టింది ఆవిడ కథగా మార్చుకునేది. తెర మీద సవతులిద్దరూ ఏడుస్తుంటే, భూమికి పంపిన కబురు చేరడానికి ఎనిమిది నెలలు పడుతుందనీ, మంచాన పడ్డ తల్లి బతికుండగా జవాబు రాదని తెలిసి ఏడుస్తున్నారనీ చెప్పింది ఒక వారం. ఇడ్లీకొట్టు మామ్మ కళ్లొత్తుకుంది. నాలుగు నెలల్లో చాపలు మళ్లీ నిండాయి. ఊరంతా ఆ సీరియల్ పాడైపోయిందంటుంటే, మా వీధిలో మాత్రం బాగుపడిందన్నారు.

పక్కింటివాళ్ల పెద్దల్లుడిది నాగపూర్‌లో రైల్వే ఉద్యోగం. పురిటికొచ్చిన భార్యని చూడ్డానికొచ్చి, ఆదివారం మా ఇంటికీ వచ్చారు. అల్లుడుగారు కదా అని ముందు కుర్చీ వేశారు. అత్తయ్య ఆయన్ని చూసి ఒక్కక్షణం తటపటాయించిందని నాకు తెలుసు. అయినా మొదలుపెట్టింది. రెండు వాక్యాలు విని ఆయన నవ్వారు. నాలుగు వాక్యాలకి గట్టిగా నవ్వారు.

"అదేంటండీ పిన్నిగారూ, ఆయన అలా అన్లేదు కదండీ! పెళ్లికి ముహూర్తం ఎప్పుడంటున్నాడండీ!"

చెడ్డవాడేం కాదు. ఏదో సరదా పట్టేశాననుకున్నాడు పాపం. చాపల మీద తలలన్నీ అత్తయ్య వైపు తిరిగాయి. తెరమీద ఎవరో పాట మొదలుపెట్టారు.

టైలరు గారు మెల్లిగా అడిగారు: "అంటే... ఇన్నాళ్లూ మీరు చెప్పింది మీ సొంతమేనాండీ?"

అత్తయ్య అబద్ధమాడలేదు. స్టూలు మీదే కూర్చుని, పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ, "అవునండీ. నాలుగు నెలల్నించీ" అంది.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. మాస్టారు ఆఖరున లేచారు. "చెప్పుండాల్సిందమ్మా" అని మాత్రం అని వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం అత్తయ్య చాపలు పరిచింది. ఒక్కరూ రాలేదు. ఆ నెలలోనే మా వీధికి కేబుల్ వచ్చింది, అదే వేళకి తెలుగు సినిమా వేసేవారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. మెరుపు రాయిని అందరికీ చూపించినవాళ్లకి ఏ మచ్చా లేదు, దాన్ని కప్పిపెట్టి ఇంత మంచి కథ చెప్పిన మనిషి మాత్రం మోసగత్తె అయింది. సీరియల్ చివర వచ్చే చిరునామాకి అత్తయ్యకి తెలియకుండా, నాకొచ్చిన హిందీలో నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నీళ్ల వారం ఎందుకు బాగుందో, రాయి వారం ఎందుకు బాగాలేదో, తమ్ముడు ఎలా వచ్చాడో చెప్పమనీ. రెండు నెలలకి జవాబొచ్చింది. కెప్టెన్ రంగుల ఫొటో, కింద అచ్చు వేసిన సంతకం! దాన్ని ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాను. కొన్నాళ్లకి ఆ వేళకి పాటల కార్యక్రమం వచ్చింది. అయిపోయిందని చెప్పినవాళ్లు లేరు, ఎందుకయిపోయిందని అడిగినవాళ్లూ లేరు. నలభై కుటుంబాలూ ఏ నేలా చేరకుండా ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగిపోయారు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అది కాదమ్మా, నువ్వు చెప్పినదాంట్లో తర్వాతేమైంది?" అన్నారు. ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ గుమ్మందాకా వచ్చింది. "నాకూ తెలీదండీ మాస్టారూ. బొమ్మ కదుల్తూ, మీరంతా ఎదురుగా కూర్చుంటేనే నాకు మాటొచ్చేది. ఒక్కదాన్నీ కూర్చుంటే రావట్లేదు" అంది. ఆయన తలూపి, కళ్లజోడు పెట్టుకుని, రోడ్డు దాటి వెళ్లిపోయారు. నేను నోటుబుక్కు కొనిచ్చాను, రాయమని పోరాను, పోట్లాడాను కూడా. అందులో పాలవాడి లెక్కలు, బళ్లో పిల్లల హాజరు తప్ప ఆవిడ ఏమీ రాయలేదు.

అత్తయ్య రిటైరయ్యే రోజు బళ్లో ఇచ్చిన సన్మానపత్రం నేనే చదివాను. క్రమశిక్షణ, అంకితభావం వంటి మాటలన్నీ ఉన్నాయి. ముప్ఫైమందిని చాపల మీద కూర్చోబెట్టి నక్షత్రాల మధ్య తిప్పిన సంగతి అందులో లేదు, చెప్పినా ఎవరూ నమ్మరు. రేపటి గురించి ఆలోచించడానికి ఆ రోజుల్లో మాకు వారానికి ఒక్క అరగంట సరిపోయేది. ఆ అరగంట ఎలా చెయ్యి జారిందో అర్థం చేసుకోవడానికి ఇన్నేళ్లూ సరిపోవడం లేదు.