క్లచ్‌లోకి గాలి ఎలా వచ్చింది?

మొన్న ఆదివారం నా బండి హ్యాండిల్ మీది చిన్న డబ్బా మూత తీయగానే క్లచ్ ఆయిల్ వాసన ముక్కుకు తగిలింది. కొత్తగా పోసినప్పుడు లేత తేనె రంగులో ఉండేది, గాలిలోని తేమ పీల్చి పీల్చి డికాషన్‌లా ముదిరిపోయింది. మార్చే వేళయింది. ఆ వాసనకు విమల గారు గుర్తొచ్చారు.

రాయదుర్గంలో నా మొదటి ఉద్యోగంలో ఆవిడ మా మేనేజరు. కాకినాడ మనిషి. నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండేవారు. ఎప్పుడో జారిపడి ఎడమ మణికట్టు విరిగింది. అతికినా బలం పూర్తిగా రాలేదు. మా ట్రాఫిక్‌లో వైరుతో లాగే క్లచ్ నొక్కీ నొక్కీ చెయ్యి వాచిపోయేదట. అందుకే వెతికి వెతికి హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండి కొనుక్కున్నారు. దానికి వైరు ఉండదు. లివర్ నొక్కితే సన్నని గొట్టంలోని ద్రవం ఆ ఒత్తిడిని ఇంజన్ దాకా మోసుకెళ్తుంది. "రెండు వేళ్లు చాలు" అని మురిసిపోయేవారు.

ఒక శనివారం కోకాపేట దగ్గర ఆ లివర్ ఒక్కసారిగా మెత్తబడిపోయింది. ఎంత నొక్కినా క్లచ్ పడలేదు. ముందున్న లారీ ఆగింది. బ్రేకు గట్టిగా పట్టి, ఇంజన్ ఆపేసి ఎలాగో తప్పించుకున్నారు. బండిని ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చేసరికి సెల్లార్‌లో ఆవిడ భర్త రమణ గారి ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మేద్దాం విమలా. నా మాట విను."

"అమ్ముదురుగాని లెండి. ముందు ఎందుకిలా అయిందో తెలియాలి కదండీ."

మరునాడు పొద్దున నన్ను సాయం పిలిచారు. ఇంజన్ పక్కన ద్రవం బయటికి వదిలే నిపుల్‌కు లోపలిది కనబడే సన్న గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టారు. నేను లివర్ నొక్కి పట్టుకుంటే ఆవిడ నిపుల్ వదులు చేసి వెంటనే బిగించేవారు. ముదురు ద్రవంతో పాటు బుడగలు వరసగా వచ్చాయి.

"చూశావా, గాలి! నొక్కితే ద్రవం అణగదు, గాలి అణుగుతుంది. నీ బలమంతా దాన్ని అణచడానికే పోతోంది."

పై డబ్బాలో కొత్త ద్రవం పోస్తూ అలాగే చేశాం. బుడగలు ఆగాయి. లివర్ గట్టిపడింది.

"అయిపాయె మేడమ్. ఇగ మంచిగ నడుపుకోవచ్చు" అన్నాను.

ఆవిడ లేవలేదు. "అసలు గాలి లోపలికి ఎలా వచ్చిందమ్మా?"

నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

లివర్‌ను నొక్కి తాడుతో కట్టి, ఇంజన్ కింద అట్టముక్క పరిచాం. సాయంత్రానికి అట్ట మీద తడి మచ్చ. క్లచ్‌ను తోసే చిన్న సిలిండర్ విప్పితే లోపలి రబ్బరు రింగు అంచు చిట్లి ఉంది. అక్కడ ద్రవం కారిపోయి, పై డబ్బా అడుగంటి, గాలి చొరబడింది. రమణ గారు ఆ రింగును అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఇంతదా, నిన్న నిన్ను నాకు కాకుండా చేయబోయింది?" అన్నారు. దాన్ని జేబులో వేసుకుని, "కొత్తది నేనే తెస్తాను" అన్నారు.

కొన్నేళ్లకు మణికట్టు నొప్పి ఎక్కువై ఆవిడే బండి మానేశారు. నాకిచ్చారు. తాళం చేతిలో పెడుతూ జాగ్రత్తలేమీ చెప్పలేదు. "ఏదైనా వింతగా అనిపిస్తే ఫోన్ చెయ్. నాకూ తెలియాలి" అన్నారు, అంతే.

గత వారం ఆఫీసులో సర్వర్ నిలిచిపోయింది. రీస్టార్ట్ చేస్తే నడిచింది. అందరూ ఊపిరి పీల్చుకుని చాయ్‌కి లేచారు. నేను కదలలేదు.

"నడుస్తుంది కదా అక్కా, ఇంక ఏంది పరేషాన్?" అంది మా టీమ్‌లోని శ్రావణి.

"పరేషాన్ కాదు. ఎందుకు ఆగిందో చూడాలనుంది."

ఆమె తలుపు దాకా వెళ్లింది. వెనక్కి వచ్చి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.