నలభై ఒకటో నంబరు

ఫరహత్ భవానీపురంలో పుట్టింది. ఎలక్ట్రానిక్స్‌తో బి.ఎస్సీ. చదివి, 2002లో వన్ టౌన్‌లో ఒక పప్పుల గోడౌన్ మేడమీదున్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. కంపెనీ అంటే యజమాని వెంకటకృష్ణారావు గారు, ఐదు కంప్యూటర్లు, ఆమెతో కలిపి నలుగురు ప్రోగ్రామర్లు. వాళ్ళు రాసినవాటిలో ముఖ్యమైనది డాక్టర్ ఛాయాదేవి గారి రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు ముద్రించే ప్రోగ్రాం.

ఆ ఆఫీసుకొక అలవాటుండేది. వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోతే యూపీఎస్ పది నిమిషాలు నిలిచేది. ఆ పది నిమిషాల్లో అందరూ తమ పనిని యజమాని కంప్యూటర్‌లోని ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసేవారు. ఆఖర్న చేసినవారిదే మిగిలేది. అదే ఫైలును అంతకుముందు దిద్దినవారి పని చెరిగిపోయేది. దాన్ని ఎవరూ తప్పనుకోలేదు.

2004 మే నెలలో ఒక ఫిర్యాదు వచ్చింది. ముప్ఫై నెలల పాపను ప్రోగ్రాం ముప్ఫై ఏళ్ళ మనిషిగా లెక్కగట్టి, ఆ పాప వయసుకు సరిపోయే హిమోగ్లోబిన్‌ను ‘తక్కువ’ అని ముద్రించింది. ఫరహత్ సరిచేసింది. మూడోరోజు కరెంటు పోయింది. తోటి ప్రోగ్రామర్ కిరీటి ఆఖర్న కాపీ చేశాడు. తప్పు తిరిగొచ్చింది.

“ఇలాంటిది ఇంకొక్కటొస్తే మళ్ళీ చేత్తోనే రాసుకుంటామండీ,” అన్నారు ఛాయాదేవి గారు ఫోన్‌లో.

ఫరహత్ ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలోని వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను యజమాని వాడే ఐదో కంప్యూటర్‌లో పెట్టింది. ప్రోగ్రాంలో ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చినా పాతదీ కొత్తదీ రెండూ అందులో నిలిచి ఉంటాయి. దాని పక్కనే ఫిర్యాదుల జాబితా తెరిచి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చింది. నంబరు రాయని మార్పును చేర్చుకోనంది.

“కామా పెట్టాలన్నా మీకు అర్జీ పెట్టుకోవాలా ఫరహత్ గారూ?”

“పెట్టుకోండి. నంబరిస్తాను.”

“ఈవిడ ఎమ్మార్వో ఆఫీసులో ఉండాల్సిన మనిషండీ సార్!” అన్నాడు కిరీటి.

రెండు వారాలు అందరూ దొంగచాటుగా పాత ఫోల్డర్‌లోకే కాపీ చేశారు. ఆమె యజమానిని ఒప్పించి దాన్ని మూయించింది.

సెప్టెంబరు పద్నాలుగున ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. ఇరవై నెలల బాబు రిపోర్టులో అదే తప్పు.

“రేపు పదకొండింటికి వస్తున్నాను. కారణం చెప్పలేకపోతే మీ ప్రోగ్రాం తీసేస్తాం,” అన్నారు ఛాయాదేవి గారు.

ఫరహత్ పాత మార్పులన్నీ వెతికింది. ఆరు నిమిషాలు పట్టింది. ఆగస్టు పంతొమ్మిది, నంబరు నలభై ఒకటి: వయసును కాగితానికి కుడివైపు ముద్రించాలి. ఆ పనిలో నెలలా ఏళ్ళా అని చూసే వరుస జారిపోయింది.

“దొరికాడా దొంగ?” అన్నాడు కిరీటి.

“దొరికింది. నేనే.”



“కరెంటు వల్లని చెబుదాంలేమ్మా. ఆ నలభై ఒకటి తీసెయ్,” అన్నారు వెంకటకృష్ణారావు గారు.

“తీయను సార్. ఒక్కటి తీస్తే మిగతావాటిని మనమే నమ్మం.”

యాభై ఎనిమిదో నంబరు కింద తప్పు సరిచేసి, ఒక నెల నుంచి అరవై నెలల దాకా ఒక్కో వయసూ కొట్టి చూసింది. అడక్కుండానే కిరీటి ఆ అరవయ్యీ మరోసారి కొట్టి చూశాడు.

మర్నాడు ఫరహత్ నలభై ఒకటి, యాభై ఎనిమిది నంబర్ల మార్పులు ముద్రించి ఇస్తే, ఛాయాదేవి గారు ఆ రెండు పేజీలూ చదివారు.

“ఈ నలభై ఒకటి మీదేనా?”

“నాదేనండీ. ఆగస్టు పంతొమ్మిది నుంచి నిన్నటి దాకా ఇచ్చిన నెలల పిల్లల రిపోర్టులన్నీ మళ్ళీ చూడాలి.”

“పోయినసారి తప్పు ఎప్పణ్ణుంచి ఉందో మీకే తెలియదు.”

“అప్పుడు తెలియదండీ.”

ఆవిడ కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుని కిరీటి వైపు చూశారు. “ప్రోగ్రాం ఉండనివ్వండి. పాత కాపీలు ల్యాబ్‌లో ఉన్నాయి. ఆ అబ్బాయినీ తీసుకురండి. ఒకరు చదవాలి, ఒకరు చూడాలి.”

ఇరవై ఏడు రోజులు, పంతొమ్మిది మంది పిల్లలు. పన్నెండు రిపోర్టులు తప్పు. సాయంత్రం ఐదింటికి సరైనవి ముద్రించి ఇచ్చారు. ఛాయాదేవి గారు ఆ పన్నెండింటిలో మొదటి రిపోర్టు మీదున్న ఫోన్ నంబరుకు తానే ఫోన్ చేశారు. “అమలమ్మ గారా? మీ మనవరాలికి రక్తం తక్కువేం లేదండీ. పొరపాటు మాదే.”

ఫరహత్ రెండో ఫోన్ నంబరు చదివింది.