తీగ చివర నిలబడ్డ బుడాన్

మా సత్తెనపల్లి దగ్గరి జిన్నింగు మిల్లు మూతపడిన ఆరేళ్లకు దాన్ని ఆటల చోటు చేశారు. నన్నడిగితే వద్దనేవాణ్ణి. ఇరవై రెండేళ్లు సూపర్వైజరుగా చేసి, ఆ తర్వాత తాళాల గుత్తి పట్టుకుని ఖాళీ షెడ్లకు కాపలా కాస్తున్న మనిషిని అడగాలని ఎవరికీ తోచలేదు.

మేమంతా పెద్దసారనే మా యజమాని రామాంజనేయులు గారు బెంగుళూరు వైపు ఏదో పెళ్లికి వెళ్లి, అక్కడ కొండ మీంచి కొండకు ఇనుప తీగ కట్టి మనుషుల్ని జారుస్తుంటే చూసి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు అదే ధ్యాస.

"మనకు కొండెక్కడుందండీ?" అన్నాను.

"వాటర్ ట్యాంకుంది గదయ్యా యలమందా" అన్నారు.

అలా 2007 సంక్రాంతి వెళ్లాక రెండు తీగలు లేచాయి. బయటిది వాటర్ ట్యాంకు మీంచి గేటు దాకా. లోపలిది పత్తి బేళ్లు పెట్టే పెద్ద గోడౌనులో, ఈ చివర రేకుల కింద కట్టిన మంచె మీంచి ఆ చివరి గోడ దాకా. నడుముకూ తొడలకూ బెల్టులు బిగించి, కప్పీకి తగిలించి వదిలేస్తారు. కరపత్రాల్లో ఇంగ్లీషు పేరొకటి వేయించారు గానీ ఊళ్లో అందరూ వైరుబండి అనే అన్నారు. 'ఎండైనా వానైనా, అయిదేళ్ల వారి నుంచి డెబ్బై ఏళ్ల వారి దాకా' అని దాని కింద రాయించారు.

టెలిఫోను ఆ గోడౌనులోనే నా బల్ల మీద పెట్టారు. ఇక చూడండి నా అవస్థ. పిడుగురాళ్ల నుంచి ఒకావిడ, "మా పాపకి నాలుగున్నరేళ్లండీ, ఎక్కిస్తారా?" వినుకొండ నుంచి ఒకాయన, "మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, లోపలిది ఎక్కొచ్చంటారా? ఏసీ ఉంటదా?" రేకుల షెడ్డుకు ఏసీ ఏమిటి? ఫ్యాన్లున్నాయి రండి అని చెప్పేవాణ్ణి. ఫాల్గుణం దాటితే పొద్దున తొమ్మిదికే బయటి తీగ ముట్టుకోనివ్వదు కాబట్టి వచ్చినవాళ్లంతా లోపలికే వచ్చేవాళ్లు.

ఆ లోపలి తీగ చివర నిలబడే మనిషి నూర్‌బాషా బుడాన్.

బుడాన్‌ది దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. వాళ్ల నాన్న ఊరూరా తిరిగి పరుపులు కుట్టాడు. కొడుకు కాలానికి జనం షాపులో స్పాంజి పరుపులు కొనుక్కోవడం మొదలుపెట్టారు. దాంతో బుడాన్ మా మిల్లుకొచ్చి బేళ్లు మోశాడు, ప్రెస్సు తిప్పాడు. మిల్లు మూతపడ్డాక గుంటూరు మిరప యార్డులో బస్తాలు మోద్దామని వెళితే యాభై దాటిన మనిషివి నీకెందుకు లెమ్మన్నారట. వైరుబండి పెట్టాక నేనే కబురు చేశాను. నాకు తెలిసినవాళ్లలో పని చెబితే మళ్లీ వెళ్లి చూసుకోనక్కర్లేని మనిషి అతనొక్కడే.

పని చూడటానికి చిన్నదే. జారుతూ వచ్చే మనిషి చివరికొచ్చేసరికి మంచి వేగం మీద ఉంటాడు. తీగ మీద ఒక చెక్క దిమ్మ, దానికొక తాడు. ఆ తాడు పట్టి లాగితే దిమ్మ కప్పీకి అడ్డుపడి వేగం తగ్గుతుంది. మిగిలిన వేగానికి గోడకు నిలబెట్టిన పరుపు. నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాయన ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. ఎదురు నిలబడొద్దు, తాడు లాగు, పక్కకు తప్పుకో. బుడాన్ పదిసార్లూ తల ఊపాడు.

ఆ కుర్రాయన తెచ్చిన స్పాంజి పరుపు మొదటి వేసవికే చప్పగా అణిగిపోయింది. "మన దూదుండగా ఇదేంది సారూ" అని బుడాన్, పాత గోడౌనులో మిగిలిన దూది పోగుచేసి, జానీబీని కూర్చోబెట్టుకుని వారం రోజుల్లో నిలువెత్తు పరుపు కుట్టాడు. జానీబీ అతని భార్య. నేను చెయ్యి పెట్టి చూస్తే మణికట్టు దాకా దిగింది. అంత మెత్తటి పరుపు మా ఇంట్లో ఏనాడూ లేదు.

కానీ తప్పుకోవడం మాత్రం అతను నేర్చుకోలేదు. పిల్లలొస్తే తాడు లాగి, ఒద్దికగా పరుపు మీదికి పోనిచ్చేవాడు. పెద్దవాళ్లొస్తే తాడు లాగుతూనే ఎదురెళ్లి రెండు చేతులా రొమ్ముకు ఆనించి ఆపేవాడు. ఆడవాళ్లయితే నడుం బెల్టు పట్టి ఆపేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. చప్పట్ల కోసమే చేస్తున్నాడనుకుని నేను రెండుసార్లు కసురుకున్నాను కూడా. ఒకరిని కాదు, పదిమందిని కాదు, ఆదివారమొస్తే వందమందిని అలా ఒంటితో ఆపేవాడు.

మరుసటి ఏడాది జనవరిలో ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే చూశాను. ముద్ద నోటి దాకా రావడం లేదు. నోరే వంగి ముద్ద దగ్గరికి వెళుతోంది.

"ఏందయ్యా ఆ తినటం?" అన్నాను.

"కుడి రెక్క లేవట్లేదు సారూ." ముద్ద దించి అన్నాడు, "పెద్దసారుకి చెప్పమాకండి. ఈ ఎండాకాలం సెలవులెల్లిందాకా ఓర్చుకుంటా. ఇది గూడా పోతే నన్నెవరు పెట్టుకుంటారు?"

చెప్పలేదు. జాలిపడి చెప్పలేదని అప్పుడు అనుకున్నాను. కొత్త మనిషిని వెతికి, మళ్లీ నేర్పించే ఓపిక లేక ఊరుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

మే నెలలో ఒక ఆదివారం వినుకొండ నుంచి చెంచయ్య గారని మిరపకాయల వ్యాపారి మనవరాలితో వచ్చాడు. పెద్దసారుకు బాగా కావలసినవాడు. తొంభై కిలోలు దాటితే ఎక్కించకూడదని రూలు. మంచె మీద బెల్టులు కట్టే లక్ష్మీదుర్గ, నరసరావుపేట కాలేజీలో ఎన్‌సీసీ చేసిన పిల్ల, కాటా చూసి, "నూట పన్నెండున్నారండీ, కుదరదు" అంది. ఆయన నవ్వి సెల్‌ఫోను తీశాడు. రెండు నిమిషాల్లో నా బల్ల మీది ఫోను మోగింది.

"మనవాడే, పంపించేయండి" అన్నారు పెద్దసారు. నేను కిందనుంచి లక్ష్మీదుర్గకు చెయ్యి ఊపాను. అది కూడా నా చెయ్యే.

ముందు మనవరాలు శ్రీరమ్య వచ్చింది. బుడాన్ ఎడమ చేత్తో తాడు లాగి, పాపను పరుపులోకి దించి, బెల్టు విప్పి పక్కన నిలబెట్టాడు. తర్వాత చెంచయ్య గారు బయలుదేరాడు. సగం దూరంలోనే ఆ వేగం చూసి నేను కుర్చీలోంచి లేచాను. బుడాన్ తాడు లాగాడు. ఒంటి చేతి లాగుడుకు దిమ్మ నిలవలేదు. తప్పుకోవడానికి సమయముంది. నా కళ్లారా చూశాను కదా, కావలసినంత సమయముంది. అతను తప్పుకోలేదు. అటు తిరిగి వంగి, బేలు కింద వీపు పెట్టినట్టు పెట్టాడు.

చెంచయ్య గారికి గీత కూడా పడలేదు. లేచి పంచె దులుపుకుని, "ఎదురొస్తావేందయ్యా, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. బుడాన్ నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి అతనిది కానట్టు వేలాడుతోంది.

నేను పరిగెత్తి, మొదట చేసిన పని తిట్టడం. "తప్పుకోమన్నారా లేదా? అంత పరుపు కుట్టి పెట్టుకున్నావు, ఎందుకది?"

"అది పిల్లలకి సారూ" అన్నాడు.

"పెద్దోళ్లు పడితే అరిగిపోద్దా?"

"ఉండ కడతది. బరువు పడేకొద్దీ దూది ఉండ కట్టి బిగుసుకుపోద్ది. ఇప్పి మళ్లా ఏకితే గానీ మెత్తబడదు. నిరుడు రెండుసార్లు ఇప్పి ఏకినా. ఇప్పుడు ఈ రెక్కతో ఏకలేను. ఇది గట్టిపడితే పసోళ్లకి గోడకి కొట్టుకున్నట్టే ఉంటది."

అంతా చెప్పి అప్పుడు మూలిగాడు. ఏడాదిగా ఆ మనిషి తన పరుపును కాపాడటానికి పెద్దవాళ్లందరినీ ఒంటి మీద వేసుకుంటూ వచ్చాడు. నేను చప్పట్ల కోసమనుకున్నాను.

గుంటూరు ఆసుపత్రిలో పెద్దసారే చేర్పించారు, ఆ మాట దాచకూడదు. భుజం కీలు తప్పి లోపల నరం తెగిందన్నారు. ఇక ఆ చెయ్యి బరువు పట్టకూడదన్నారు. హైదరాబాదు కుర్రాయన మళ్లీ వచ్చి అంతా చూసి, గంటన్నరలో తీగను వదులు చేసి వెళ్లాడు. ఇప్పుడు ఎంత లావు మనిషైనా గోడ దాకా రాడు. తీగ కుంగిన చోట నెమ్మదించి, ఊగి, ఆగిపోతాడు. సన్న తాడేసి ఇవతలికి లాక్కుంటాం. దానికి బలం అక్కర్లేదు. గంటన్నర పని. ఆ పని మొదటి రోజే చేసి ఉండొచ్చు. ఆ కుర్రాయన మీద అరవాలనిపించింది గానీ, పదహారు నెలలు అక్కడే కూర్చుని చూసినవాణ్ణి నేను.

"ఇంక చివర మనిషితో పన్లేదు గదా. బుడాన్‌కి నువ్వే చెప్పు" అన్నారు పెద్దసారు.

ఆషాఢంలో, ముసురు పట్టిన ఒక పొద్దున, గేటు తీయకముందే బుడాన్ వచ్చాడు. చెయ్యి మెడకు కట్టుకుని ఉన్నాడు. వెనక జానీబీ. చెప్పవలసింది చెప్పాను. "తెలుసు సారూ" అన్నాడు. తీగ వంక, పరుపు వంక చూశాడు. దగ్గరికెళ్లి ఎడమ చేత్తో పరుపు నొక్కి చూశాడు. మెత్తగానే ఉన్నట్టుంది, చెయ్యి తీసేశాడు.

"ఒక్కసారి ఎక్కనా?" అన్నాడు తర్వాత.

ఎన్ని వేలమంది జారితే ఆపాడో, తను ఒక్కసారి కూడా ఎక్కలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. లక్ష్మీదుర్గ అతన్ని చెయ్యి పట్టుకుని మంచె మెట్లు ఎక్కించింది. కట్టు ఉన్న భుజానికి తగలకుండా బెల్టులు సర్దడానికి చాలాసేపు పట్టింది. నేను తాడు పట్టుకుని చివర నిలబడ్డాను, అతను నిలబడే చోట.

బుడాన్ అరవలేదు, నవ్వలేదు. ఊరికే జారుతూ వచ్చాడు. తీగ కుంగిన చోట నెమ్మదించి రెండుసార్లు ఊగి ఆగాడు. కాళ్లు నేలకు మూరెడెత్తున వేలాడుతున్నాయి. నేను తాడు విసిరాను. పట్టుకున్నాడు.

"లాగుతున్నా" అన్నాను.

"లాగమాకండి సారూ. కాసేపుండనీయండి."

సరేనన్నాను. రేకుల మీద చినుకులు పడుతున్నాయి. గేటు బయట ఏదో స్కూలు వ్యాను వచ్చి హారను కొట్టింది. ఎంతసేపటికీ అతను పిలవలేదు. తాడు అతని చేతిలోంచి జారి కింద పడింది. నేను కంగారుగా "బుడానూ" అని పిలవబోతుంటే జానీబీ నా పక్కకొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"లేపమాకండి సారూ. పడుకుంటే రెక్క నొప్పని రెండు నెలల్నుంచీ గోడకానుకుని కూర్చునే తెల్లారగడతన్నాడు. ఇప్పుడే నిద్రపట్టింది."

స్కూలు వ్యాను మళ్లీ హారను కొట్టింది. నేను వెళ్లి గేటుకు లోపలివైపు నుంచి తాళం వేసి వచ్చాను.