పురుగుల కాపురం

ఇప్పుడు మీకు చెప్పబోయేది మహాకావ్యమంత కథ. ఇందులో యుద్ధం ఉంది, ఒక తల్లి కన్నీరు ఉంది, రెండు వంశాల మధ్య పగ ఉంది, నా భవిష్యత్తు సన్నటి దారానికి వేలాడటం ఉంది. కాస్త సర్దుకుని కూర్చోండి. కూర్చున్నారా? నిజానికి అంత లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా వాళ్లకు నేనొక బొమ్మల సినిమా చూపించాను. కాకపోతే ఆ దెబ్బకు తెరుచుకున్న నా నోరు మర్నాటి దాకా మూతపడలేదు.

ఎనభైల్లో మాట. మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. టీవీ, వీడియో డెక్కు టౌను నుంచి అద్దెకు తెచ్చుకుని, ఊరంతా ఒకే వాకిట్లో కూర్చుని సినిమా చూసే రోజులు. నాకా ఏడే ఇంటర్ అయిపోయింది. హైదరాబాదులో కదిలే బొమ్మలు గీయడం నేర్పుతారని విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. మా నాన్నకు తెలిసిన బొమ్మ అల్లా పురుగుమందు డబ్బా మీద ఉండే పుర్రె ఒక్కటే. వేసవి నుంచి దసరా దాకా బతిమాలితే చివరికి ఒక మాట మీదికి వచ్చాడు.

"ఆ బొమ్మల సినిమా ఒకటి చూపించరా. మనుషులు కూర్చుని చూసేదైతే పంపిస్తా. కాకపోతే నోరు మూసుకుని చేలోకి రా."

ఏ సినిమా తేవాలో నాకు క్షణం ఆలోచన లేదు. ఒక బొమ్మల సినిమాల కంపెనీ అంటే నాకు ప్రాణం. వాళ్ల సినిమా మొదట్లో ఒక కుందేలు వచ్చి గంట కొడుతుంది. గుడిగంట వింటే మా నాయనమ్మకు ఎంత భక్తో, ఆ కుందేలు గంట వింటే నాకంత. సత్తెనపల్లి వీడియో షాపులో ఆ కుందేలు ఉన్న కాసెట్ కనబడగానే లాక్కున్నాను. తను కూడా ఇంకా చూడలేదనీ, ఫ్యామిలీ కామెడీ అంటున్నారనీ షాపతను చెప్పాడు. అట్ట మీద ఆకుపచ్చటి కుటుంబమొకటి నవ్వుతోంది. ఏ జాతి కుటుంబమో చూడాలని నాకు తోచలేదు. పెళ్లిచూపులకెళ్లి అరుగు చూసి సంబంధం ఖాయం చేసుకొచ్చినవాడి తెలివి నాది.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చావకపోతే ఊరంతా పొద్దున్నే చేలోకి దిగి, పురుగుల్ని చేత్తో ఏరి కిరసనాయిలు నీళ్ల డబ్బాలో వేస్తోంది. ఆ ఒక్క పూటైనా పురుగు మొహం చూడకుండా నవ్వుకుందామని అందరూ మా వాకిట్లోకి వచ్చారు.

కుందేలు గంట కొట్టింది. తెర మీద ఒక పత్తికాయ. కాయకు చిన్న తలుపు. తలుపు తెరుచుకుని, కళ్లజోడు పెట్టుకున్న పచ్చపురుగు బయటికొచ్చి ఒళ్లు విరుచుకుంది. వెనకే భార్య, పిల్లలు.

వాకిట్లో చంటిపిల్లల ఏడుపు కూడా ఆగిపోయింది.

సినిమా ఇంగ్లీషు. అర్థం చెప్పాల్సింది నేను.

"అవి పట్టుపురుగులు నాన్నా."

"పట్టుపురుగు పత్తికాయలో కాపురం పెట్టిందేంట్రా?"

"అద్దెకు."

మా నాన్న నా వైపు తిరగలేదు. తిరిగి ఒక్కటిచ్చినా బాగుండేది.

అసలు ఖర్మ ఏమిటంటే, సినిమా చాలా బాగుంది. తల్లిపురుగు పిల్లలకు అన్నం తినిపించినట్టు దూది తినిపిస్తుంది. చిన్నపురుగు మొదటిసారి కాయకు కన్నం పెడితే ఇంటిల్లిపాదీ డాన్సు. ఆ రంగులు చూస్తే నా ఒళ్లు పులకరిస్తోంది, ఆ కాయ చూస్తే అదే ఒంటికి చెమటలు పడుతున్నాయి. నవ్వొచ్చిన ప్రతిసారీ దగ్గాను. సగం సినిమాకు ఊరంతా నాకు క్షయ అనుకుని ఉంటుంది.

అప్పుడు విలన్ వచ్చాడు. బానపొట్ట, ముళ్ల మీసం, వీపున మందు పంపు. రైతు. గుండె దడపుట్టే సంగీతం. మా వాకిట్లో ఈలలు. మా సుబ్బారావు బాబాయ్ లేచి నిలబడి, ఆకు మీద కాదు, కాయ అడుగున కొట్టమని తెరకు సలహా ఇచ్చాడు. వెనక నుంచి ఎవరో, ఆ సినిమా రైతు వాడేది ఏం మందో కనుక్కోమని నాకు పురమాయించారు.

రైతు జారి తన మందు తొట్టిలో తనే పడ్డాడు. పురుగులు చేనంతా తిని, రెక్కలొచ్చి, ఆనందంగా పక్క చేలో గుడ్లు పెట్టడానికి ఎగిరిపోయాయి. సినిమా అయిపోయింది. చావు పలకరింపుకొచ్చిన వాళ్లలా ఎవరూ కదల్లేదు. మా నాయనమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ చిన్నది బతికిందా అబ్బాయ్?"

"బతికింది నాయనమ్మా."

"పోన్లే," అంది. అన్నాక, వాకిలంతా తన వైపే చూస్తోందని గమనించి లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు మా నాన్న గొంతు విప్పాడు. "ఇది గీయడానికి ఎంతమంది కావాలి?"

"వందల మంది నాన్నా. ఏళ్లు పడుతుంది."

"పురుగు కోసం."

"అవును."

"వాళ్లనొక్క పూట మన చేలోకి పంపితే ఏరడం అయిపోయేదిగా." తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, వెళ్లు."

"చేలోకా?"

"హైదరాబాదుకురా. పచ్చపురుగు కోసం మా అమ్మను ఏడిపించాడంటే అది గీసినవాడు మామూలు పనిమంతుడు కాదు. ఆ పని నువ్వూ నేర్చుకో. కాకపోతే రైతును గెలిపించు."

నా నోరు తెరుచుకుంది అప్పుడే. మర్నాడు చేలో మా నాయనమ్మ, పురుగును డబ్బాలో వేసే ముందు "మీ అమ్మేదే?" అని అడగడం చూశాక గానీ మూతపడలేదు.

అక్కడే గట్టు మీద నిలబడి, కిరసనాయిలు డబ్బా సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ రైతుకు సినిమా చూపించినా, అందులో ఎవరి పంటను ఎవరు తింటున్నారో ముందే కనుక్కుంటాను. మిరప రైతులకు చిలకల సినిమా, వేటపాలెం జీడిపప్పు వాళ్లకు ఉడతల సినిమా చచ్చినా వేయను. కుందేలు గంట కాదు, డప్పు కొట్టినా సరే.

ఆ బుధవారం ట్రంకుపెట్టెతో హైదరాబాదులో దిగి, కోర్సు వాళ్లను అడిగాను. చేరే గడువు అంతకు ముందు శుక్రవారమే, మా వాకిట్లో కుందేలు గంట కొట్టక ముందే, అయిపోయింది.