ముల్లు దిగిపోయింది

ఒక మే నెల మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే బస్సులో, నా పక్క ముసలాయన చిన్న ఆక్సిజన్ సిలిండరును డ్రైవరు పక్కనున్న ఇంజను మూత మీద నిలబెట్టాడు. మూత కాలిపోతోంది. నేను సిలిండరు వైపు చూసినప్పుడల్లా దాని మెడ పట్టుకునేవాడు.

కాసేపటికి మీటరు చూసి మురిసిపోయాడు.

"కొట్టోడు గాలి తక్కువ పట్టినాడనుకున్నాను. సూడు బాబూ, ముల్లు పైకెక్కినాది! మా ముసిల్దానికి రేపటిదాకా వచ్చేస్తాది. ఆయాసం మనిషి."

గ్రంథాలయంలో భౌతికశాస్త్రం పుస్తకాలన్నీ నమిలేసినవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

"వేడెక్కిన వాయువు గోడల్ని గట్టిగా తోస్తుంది తాతా, అందుకే ముల్లు లేచింది. గాలి పెరగలేదు. పైగా ఇంత వేడి ప్రమాదం" అని సిలిండరు కిందికి దించి, నా తువ్వాలు తడిపి చుట్టాను.

గార చేరేసరికి ముల్లు కొంచెం దిగింది. ఆయన మీటరునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నా గాలేటి సేసినావు?"

"అంతే ఉంది తాతా. చల్లబడిందంతే."

"సల్లబడితే గాలి ఎటెల్లిపోతాది? నిన్ను ఆ కొట్టోడు పంపినాడేటి?"

కండక్టరు నవ్వాడు. "ఆ సంచీ సూడు తాతా, దాంట్లో నింపీసుంటాడు."

ముసలాయన నిజంగానే నా సంచీ తడిమాడు. పుస్తకాలే తగిలాయి. అయినా నమ్మలేదు.

"ముల్లు ఇప్పుడు చూపేదే అసలు లెక్క. రేపటిదాకా రాదు తాతా, ఇవాళే ఇంకోటి నింపించుకో" అన్నాను. సిలిండరు చంకన పెట్టుకుని తన స్టాపులో దిగిపోయాడు.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. నా తువ్వాలు విప్పి పారేసి, సిలిండరును ఎండలో నిలబెట్టి, మీటరు ముందు గొంతుక్కూర్చున్నాడు.